ఆర్డిత్ ధరల బోర్డు

మా షెడ్డులో రోడ్ల మీద మంచు తోసే లారీలు తొమ్మిది. నాలుగో నంబరు ఆర్డిత్ కెస్లర్‌ది. ఇరవై రెండేళ్లుగా అమెరికాలోని దక్షిణ ఇండియానా రోడ్ల మీద దాన్ని ఆమే నడుపుతోంది. మెకానిక్కునైనా, ఆమెను అడగకుండా నేను ఆ బండి తలుపు తీయను.

ఆ అక్టోబరులో ఆమె కుడి భుజం పట్టేసింది. స్కాన్ తీయించి, డాక్టరు చేత సరే అనిపించుకునేదాకా లారీ ఇవ్వనన్నాడు సూపర్‌వైజరు డ్వేన్. అదే వారం రాష్ట్ర రాజధాని నుంచి బ్రెంట్ అనే అధికారి దిగాడు, ఉద్యోగుల కొత్త వైద్య పథకం చెప్పడానికి. ఏటా మొదటి మూడు వేల డాలర్ల ఖర్చు మాదేనట. అందుకోసం మా పేరున పొదుపు ఖాతా తెరిచి ప్రభుత్వం కొంత వేస్తుందట. మిగిలితే మాకేనట.

"ఇక మీరు రోగులు కారు, కొనుగోలుదారులు. నాలుగు చోట్ల ధర కనుక్కుని కొనుక్కోండి," అన్నాడు.

"అడిగితే చెప్తారా నాయనా?" అంది ఆర్డిత్.

"చెప్పక ఏం చేస్తారండీ!"

ఏం చేస్తారో మర్నాడే చూశాం. పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. వాళ్ల గౌను తొడుక్కుని, స్కాన్ బల్ల ఎక్కబోతూ ధర అడిగింది.

"అది బిల్లు వచ్చాక తెలుస్తుందమ్మా. పడుకోండి."

చెరువులో గేదెను బేరం చెయ్యమన్నట్టుంది వ్యవహారం. ఆర్డిత్ బల్ల దిగింది. వీపు మీద ముడి ఊడిపోతున్న ఆ గౌనుతోనే బిల్లుల కౌంటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది.

"అందరూ చూస్తున్నారు ఆర్డిత్!"

"చూడనీ. ధర చెప్పకపోతే నేను కోడిగుడ్డు కూడా కొనను."

రెండు గంటలు గడిచాక నోరు విప్పారు: రెండు వేల ఆరు వందలు. ఆమె లేచి బట్టలు మార్చుకుంది. పక్క ఊళ్లో చిన్న క్లినిక్కు అదే స్కాన్ ఐదు వందల నలభైకి తీసింది. నరం తెగలేదు. మూడు వారాల వ్యాయామంతో చెయ్యి పైకి లేచింది. డాక్టరు సరేనని రాసిచ్చాడు.

అంతటితో ఊరుకుంటే ఆర్డిత్ ఎందుకవుతుంది? మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు లోడ్లు మేం రాసుకునే బోర్డు మీద రెండు ధరలూ సుద్దతో రాసింది. ఎక్కడి ధరో తెలిసేలా పక్కన రాసినవి ఊళ్ల పేర్లు కాదు, మా లారీ దారుల్లో మేం పిలుచుకునే పేర్లు: కాలిన కొట్టం మలుపు, కుంటి వంతెన. వారంలో మిగతా డ్రైవర్లూ తమకు తెలిసిన ధరలు తలా ఒకటి రాశారు. పళ్లు, మోకాళ్లు, రక్తపరీక్షలు.

"తుడిచెయ్యి, పైనుంచి ఫోనొచ్చింది," అన్నాడు డ్వేన్.

"బజారుకు పంపింది మీరేగా? బజారన్నాక ధరలు రాయరూ?"

"తుడిచేదాకా లారీ తాళం ఇవ్వను."

"అయితే మంచు నువ్వే తోసుకో."

తొలి మంచు పడింది. నాలుగో నంబరు షెడ్డులోనే ఉంది. ఆర్డిత్ రోజూ వచ్చి, ఆ బోర్డు కింద కూర్చుని తిని వెళ్లేది.

చివరికి బ్రెంటే వచ్చాడు తుడిపించడానికి. డస్టరు చేత్తో పట్టుకుని చాలాసేపు బోర్డు చదివాడు.

"ఈ మోకాలి స్కాను... నిజంగా నాలుగు వందలేనా? మా ఆవిడకి తీయించాలి. ఈ కాలిన కొట్టం మలుపు ఎక్కడండీ?"

ఆర్డిత్ చెయ్యి చాపింది, కుడి చెయ్యే.

"ధర ముందే చెప్తున్నా నాయనా. నాలుగో నంబరు తాళం."