టైర్ల భీమప్ప ఫోను

మస్కట్ దగ్గర రాళ్ల క్వారీలో డంపర్ ఎక్కే ముందు చక్రధర్ ఒక్కో టైరునూ ఇనుప రాడ్డుతో తట్టి, తల వంచి వింటాడు. సండూరు ఇనుప గనులు జోరుగా నడిచిన రోజుల్లో సొంత లారీలు తిప్పినప్పటి అలవాటది. గనులు మూతబడ్డాక లారీలను ఫైనాన్సువాళ్లు తోలుకుపోయారు. చక్రధర్ బళ్లారి కోర్టులో ఐపీ పెట్టి ఇక్కడికి వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. అయినా అప్పులవాళ్ల ఫోను ఏనాడూ కట్ చేయడు. మెడమీద తువ్వాలు సర్దుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే తలూపుతూ మాట్లాడతాడు. ఒకప్పుడు టైరు పేలితే అన్నం సయించేది కాదు. ఇప్పుడు పేలితే ఆఫీసుకు కబురు పెట్టి, నీడన కూర్చుని టీ తాగుతాడు.

ఒక శుక్రవారం అన్నం వండుకుంటుంటే, అప్పట్లో అతనికి టైర్లు అరువిచ్చిన భీమప్ప ఫోన్ చేశాడు.

"అంగడి మూసేసినా చక్రప్పా. నేనూ ఐపీ పెట్టినా. ఆడ నాకేమన్నా పని దొరుకుతాదా?"

చక్రధర్ పొయ్యి తగ్గించాడు. "మా క్వారీలో టైర్లు మార్చే మనిషి కావాలంట. బేగ వచ్చేయ్. నా రూములో ఇంకో మంచం ఖాళీగా ఉండాది."

భీమప్ప అడిగాడు, "మరి నా బాకీ?"

"ఒకే రూములో ఉంటాం గదప్పా. రోజూ లేస్తానే అడుగుదువులే."