గోదావరికి ఎదురు పారిన నది

ఎనభైలలో పినపాక దగ్గర అడవిలో, వాగు కోసిన ఒక గట్టు మీద రాతి పొరలు నమోదు చేసేవాళ్లం, నేనూ, నాతోపాటే జియాలజిస్టుగా చేరిన నా స్నేహితుడూ. అడుగు నుంచి పైదాకా ప్రతి పొర మందాన్నీ టేపుతో కొలిచింది నేను. ఇసుకరాయిలో ఏటవాలుగా కనిపించే గీతలను బొమ్మ గీసి పెట్టిందీ నేనే. వాడు వాటిని కాసేపు చూసి, దిక్సూచి ఆనించి, నవ్వాడు.

"నీళ్లు ఇసుకను తోసుకపోయిన దిక్కుకే ఈ గీతలు వాలుతయ్‌రా. చూడు, అన్నీ వాయవ్యానికే ఉన్నయ్. కోట్ల ఏండ్ల కిందటి నది మన గోదారికి ఉల్టా పారింది!"

సాయంత్రం క్యాంపులో మా ఆఫీసరు వాడి భుజం తట్టాడు. "శభాష్! రాయిని గిట్ల చూడాలె," అన్నాడు. నా కొలతల ఊసే ఎత్తలేదు. నేను అన్నం సగంలో వదిలేసి లేచాను.

మర్నాడు వాడి మాట తప్పని తేల్చాలని ఒక్కణ్ణే వాగు ఎగువకు వెళ్లాను. ఒక్క గీతైనా గోదావరి పారే దిక్కుకు, ఆగ్నేయానికి వాలకపోతుందా అని మండుటెండలో బండ బండా వెతికి, దిక్సూచితో కొలిచి రాసుకున్నాను. అన్నీ వాయవ్యానికే వాలి ఉన్నాయి.

ఆ కొలతలు చూసి ఆఫీసరు, "ఇగ ఈ మాటకు తిరుగులేదు," అన్నాడు. స్నేహితుడు నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నా కోసం గింత ఎండల తిరిగినవ్‌రా?"

"అవ్," అన్నాను. నన్ను మంచివాణ్ణనుకునే ఈ మంచితనం కూడా వీడికే దక్కాలా అని లోపల ఇంకా కుళ్లుకున్నాను.