సిద్ధమ్మ ఇంట్లో కుర్చీ

హార్సిలీ కొండ మీద మదనపల్లె బస్సు ఆగేచోట, సీతాఫలాల బుట్ట ముందు ఒక మోకాలు నిలబెట్టుకుని కూర్చునే మనిషి సిద్ధమ్మ. కాయల్ని బొటనవేలితో నొక్కి చూసి, పండినవి పైకి సర్దుతూనే మాట్లాడుతుంది. కొనకపోయినా ఎవరినీ విసుక్కోదు. రెండువేల మూడులో ఒకరోజు, బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన, గెస్టుహౌసులు చూసి చూసి విసుగెత్తిందని చెప్పి, ఇక్కడివాళ్లు నిజంగా ఎలా బతుకుతారో చూడాలని అడిగాడు. సిద్ధమ్మ సంబరంగా బుట్ట నెత్తికెత్తుకుని, కొండ వెనక వాలులో ఉన్న తన ఇంటికి తీసుకెళ్లింది. పుంగనూరు సంతలో కొన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి ఆయనకు వేసి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీని గోడ చాటున పెట్టేసి, గుమ్మానికి కెమెరా గురిపెట్టి ఉన్నాడు.

"యాల తీసినావప్పా దాన్ని?"

"అది ఉంటే పల్లె ఇల్లులా కనిపించడం లేదమ్మా."

సిద్ధమ్మకు ఒళ్లు మండింది. "మేం ఎట్ట బతుకుతాండామో సూడాలని నువ్వే కదప్పా అడిగినావు? కుర్చీలో కూసునేది మా బతుకు కాదా? మేం లేనోళ్లుగా కనబడితేనే నీకు బాగుంటాదా?"

ఆమె కుర్చీని ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసింది. ఆయన కోసం తెచ్చిన మజ్జిగ చెంబు పట్టుకుని తనే దాంట్లో కూర్చుంది.

"ఇప్పుడు తీసుకో," అంది.

ఆయన కెమెరా సంచిలో పెట్టుకుని దారి పట్టాడు. సిద్ధమ్మ మజ్జిగ చివరిదాకా తాగాకే లేచింది.