అక్క పళ్ళెంలో బొక్కలు

8 అక్టోబరు 2019, మంగళవారం, దసరా. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నవారు: నేను, నా భార్య, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనుమరాలు, మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన మా అక్క. మొత్తం ఆరుగురు. ఆర్టీసీ సమ్మె వల్ల బస్సులు నడవడం లేదు గనుక అక్కను మేనల్లుడు ఆటోలో తెచ్చి దింపిపోయాడు. కొత్త మిషను పదకొండు గంటల పది నిమిషాలకు మొదలుపెట్టాను. అరకిలో మాంసం, నాలుగు నిమిషాలు. మధ్యలో ఆగలేదు.

ఆనాటి పేజీలో నేను రాసుకున్నది ఇంతే. నందికొండలో సాగర్ డ్యాం నీటిమట్టం రిజిస్టరులో ఎక్కించే ఉద్యోగంలో నా సర్వీసంతా గడిచింది. పొద్దున ఆరు గంటలకు కొలబద్ద దగ్గర నిలబడి కంటికి కనిపించింది రాయాలి, మనం అనుకున్నది రాయకూడదు. రిటైరై నల్లగొండలో ఇల్లు కట్టుకున్నాక కూడా డైరీ అదే పద్ధతిలో నడుస్తోంది. అందువల్ల ఆ రోజు మిషను ఎంతసేపు నడిచిందో పేజీలో ఉంది. అక్క ఎందుకు తినలేదో లేదు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మేం పుట్టి పెరిగింది కట్టంగూర్ దగ్గర. పదహారో ఏట ఆమెను మర్రిగూడ వైపు ఇచ్చారు. అక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎంతో మా జిల్లాలో అందరికీ తెలుసు. మొదట పళ్ళ మీద గోధుమరంగు చారలు వచ్చాయి. తర్వాత మోకాళ్ళు, మెడ, భుజాలు ఒకదాని వెంట ఒకటి బిగుసుకుపోయాయి. కృష్ణ నీళ్ళు పైపులో ఇంటి ముందుకు వచ్చేనాటికి ఆమె నోట్లో మిగిలినవి ముందు పళ్ళు రెండే. కట్టుడు పళ్ళు చేయించాం. దవడ పూర్తిగా తెరుచుకోదు గనుక వాటిని పెట్టుకోవడం ఒక బాధ, తీయడం ఇంకో బాధ. చివరికి వాటిని స్టీలు గ్లాసులో వేసి గూట్లో పెట్టింది. ఎవరైనా అడిగితే, "అవి సుట్టాల లెక్క. ఎప్పుడన్న ఒచ్చిపోతయి" అనేది.

ఆ దసరాకు ముందటి ఎండాకాలం కట్టంగూర్‌లో మా చిన్నాయన మనుమడికి తొట్టెల, అంటే ఉయ్యాల పండుగ, చేశారు. బంతిలో అక్కకు ఎదురుగా కూర్చున్నాను. ఆమె మాంసం తునకను నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, కొంగు చాటున తీసి, విస్తరి అంచున పెడుతోంది. పక్కవాళ్ళు బొక్కలు, అంటే ఎముకలు, తీసి పెట్టినట్లే. తినడం అయ్యేసరికి అంచున నాలుగు ఉన్నాయి. మూడింటికి కండ అట్లాగే ఉంది. ఆ రాత్రి డైరీలో ఆ మాటే రాశాను. తర్వాత ఇంకో రెండు విందుల్లో కనిపెట్టి చూశాను. అదే జరిగింది. యాటకూర అంటే ప్రాణం పెట్టే మనిషి, పదిమందిలో కూర్చుని షోర్వాతో అన్నం తిని లేస్తోంది.

ఖీమా చేసే కరెంటు మిషను ఒకటి కొని ఆమె ఇంటికి పంపాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. కొట్టు దగ్గర మొద్దు మీద కత్తితో కొట్టించిన ఖీమాలో సన్నటి బొక్క పెంకులు వస్తాయి. ఒకసారి అక్క చిగురు కోసుకుని వారం రోజులు అంబలితో గడిపింది. ఇంట్లో మిక్సీలో వేసి చూశాం. అది ఖీమా కాలేదు, గోడకు పూసే ముద్దలా తయారైంది. ఇక మిషను గురించి విచారించడం మొదలుపెట్టాను. కాగితం మీద రాసుకున్నవి చాలానే ఉన్నాయి. పల్లెలో కరెంటు సాయంత్రం నీరసంగా వస్తుంది, దానికి మోటారు తట్టుకోవాలి. విప్పి కడగడం తేలికగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, మాంసం వేసే నోరు ఎక్కువ ఎత్తులో ఉండకూడదు. అక్క చేయి ఎంతవరకు లేస్తుందో నేరుగా అడగలేక, మా ఇంటికి వచ్చినప్పుడు గూట్లోని అగ్గిపెట్టె అందుకోమన్నాను. చేయి రొమ్ము దాకా వచ్చి ఆగింది. ఆమె అటు తిరగగానే టేపుతో కొలిచి పెట్టుకున్నాను.

నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి గిన్నె అడుగున బ్లేడు తిరిగేది. రెండోది గొట్టంలో వేసిన మాంసాన్ని మరతో ముందుకు నెట్టి, కత్తికి అందించి, చిల్లుల బిళ్ళలోంచి బయటికి వదిలేది. మాంసం వేసి చూపించమన్నాను. దుకాణదారు మాంసం ముట్టని మనిషి, చేతులు జోడించాడు.

"సార్, కోపం చెయ్యకుండ్రి. దుకాన్ల మాంసం పెట్టనియ్య. మా నాయిన ఫొటో ముందట దీపమున్నది."

"మరి సూడకుంట ఎట్ల కొనాలె?"

"శనగలు నానవెట్టి తేండ్రి. ఏసి సూపిస్త."

"శనగలకు నరాలుంటయా అయ్యా?"

ఆయన తన దగ్గర పనిచేసే మనిషికి రెండు మిషన్లూ ఇచ్చి నా వెంట పంపాడు. వాటిని మా వీధి చివర మాంసం కొట్టుకు తీసుకుపోయాం. ఆ కొట్టాయనతో నాకు ఇల్లు కట్టిన నాటి నుంచి పరిచయం. వాళ్ళ నాయన వాడిన చింతమొద్దు మీదనే ఇప్పటికీ కొడతాడు. మిషన్లను చూసి కత్తి పక్కన పెట్టాడు.

"నా కడుపు కొట్టనీకి ఒక్కటి సాలదా సార్, రెండు తెచ్చిండ్రు?"

"నీకోసం కాదు భాయ్, మా అక్క కోసం. ఏది మంచిదో నువ్వే జెప్పాలె."

ఫ్యాను వైరు తీసి మిషనుకు ఇచ్చాడు. కావాలనే మోకాలి దగ్గరి నరాల కండ కోసి వేశాడు. గిన్నె మిషనులో అడుగున ఉన్నది ముద్దయింది, పైన ఉన్నది అట్లాగే ఉంది. గొట్టం మిషను బాగానే నడిచింది గానీ, కాసేపటికి నరం కత్తికి చుట్టుకుని మూలుగుతూ ఆగింది. కొట్టాయన ముఖం వెలిగింది. దుకాణం మనిషి ఇంకో మీట నొక్కాడు. మర వెనక్కి తిరిగి నరాన్ని వదిలింది, మళ్ళీ ముందుకు నడిచింది.

"గిదే తీస్కపోండ్రి సార్" అన్నాడు కొట్టాయన. "ఎనుకకు నడుస్తాంది సూడు. మనుషులకు లేదు గా తెలివి. పైపొర తీసి, ఏలంత పొడుగు కోసి ఏయమను. సల్లగున్నప్పుడే ఏయమను."

చిన్న పీట మీద పెట్టి కొలిస్తే మిషను నోరు నేను రాసుకున్న ఎత్తుకు రెండంగుళాలు తక్కువే ఉంది. అదే కొన్నాను.

దసరా పొద్దున అందరికీ రెండు కిలోలు, అక్కకు అరకిలో మెత్తటి కండ తెచ్చాను. "అరకిలోల రెండు నల్లి బొక్కలు ఎయ్యాల్నా సార్?" అని కొట్టాయన అడిగాడు. వద్దన్నాను. మిషను వెంట వచ్చిన పుస్తకంలో బొక్క తగలకూడదని ఉంది.

ఇంట్లో మిషను నేనే నడిపాను. అక్క గడప దగ్గర కూర్చుని చూస్తోంది. దగ్గరికి రమ్మనలేదు, ముందు నేను సరిగా చూపించాలి కదా అనుకున్నాను. నా భార్య కూర వండి, "అందరికి ఏసినట్లె తలెల ఏస్త" అన్నది. పళ్ళెంలో వద్దు, వేరే చిన్న గిన్నెలో పెట్టమన్నాను. అక్క ఎంత తిన్నదో తెలియాలి.

భోజనానికి కూర్చున్నాం. అందరి పళ్ళేలలో తునకల కూర, అక్క ముందు గిన్నెలో ఖీమా. కాసేపటికి అందరి పళ్ళేల అంచున బొక్కలు పోగయ్యాయి. మనుమరాలు ఒక్కొక్క పళ్ళెమే చూసుకుంటూ వచ్చి ఆగింది.

"అవ్వ తలెల ఒక్క బొక్క గూడ లేదు! తాత జెప్పిండు, మిషిను ఉంటె అవ్వకు పండ్లతోని పనే లేదంట."

"మూసుకోని తిను" అన్నాడు కొడుకు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అవు బిడ్డా, మీ తాత నాకు కరెంటు పండ్లు కొన్నడు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అక్క షోర్వాతో రెండు ముద్దలు కలుపుకుని తిని లేచింది. గిన్నె ఎట్లా పెట్టామో అట్లాగే తిరిగి వంటింట్లోకి వచ్చింది.

సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చుని చిన్న ఇనుప రోట్లో ఆకు, వక్క దంచుకుంటోంది. పక్కన కూర్చున్నాను. ఆ రోలు చూసే నేను మిషను సంగతిలో ధైర్యం చేశాను. ఎందరిలో కూర్చున్నా రోలు బయటికి తీసి ఆకు దంచుకుంటుంది, ఇదీ అటువంటిదే కదా అనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"ఆకు నేను దంచుకుంట తమ్మీ" అన్నది, దంచడం ఆపకుండా. "కూర నువ్వు నలిపి పెట్టినవ్."

వక్క ఇంకో ముక్క రోట్లో వేసి, "ఎప్పటి సంది సూస్తున్నవ్ రా?" అని అడిగింది.

"ఎండకాలం సంది."

"గది నా ఒక్కదానికే ఎరిక అనుకున్న." రోలు బోర్లించి ఆకుముద్ద అరచేతిలో వేసుకుంది. "రేపు పది గంటలకు ఆటో తెమ్మని పోరనికి ఫోన్ చెయ్యి. మిషిను నాకొద్దు. నీకాడనే ఉండనీ."

మేనల్లుడికి ఫోన్ చేశాను. వంటింట్లోకి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె అంట్ల దగ్గర నుంచి తలెత్తలేదు.

"ఆమెకొక్కదానికే ఎరికనా? నాకు గూడ ఎరికే. పదేండ్లయితాంది."

"మరి నాకెందుకు జెప్పలే?"

"జెప్తె మీరు రాసుకుంటరు." చేతులు కడుక్కుంది. "మనింట్ల ఎప్పుడు తిన్నా వదినెకు నేను బొక్కలే ఎక్కువ ఏస్త. తినుడు కాంగనె ఆ తలె ముందు నేనే తీస్త. ఎవ్వలు సూడకుంట. మూలుగైతె పీల్సుకుంటది, దానికి పండ్లెందుకు? మీరేమో ఉన్న గా రెండు బొక్కలు గూడ తీసేసి, ముందట గిన్నె పెట్టి కూసున్నరు."

కట్టంగూర్ బంతిలో నా భార్య వడ్డనలో ఉంది, అక్క విస్తరి ముందుగా తీయడానికి పక్కన లేదు. నేను కనిపెట్టానని అనుకున్నది, ఆమె పదేళ్ళుగా కప్పిపెడుతున్నది ఒకటే. ఆ పూట డైరీ తెరిచాను గానీ మిషను సంగతి దాటి ముందుకు రాయలేకపోయాను.

మరునాడు బుధవారం ఆరున్నరకు కొట్టు తలుపు తీయకముందే అక్కడ నిలబడ్డాను. కిలో కండ, ఎనిమిది నల్లి బొక్కలు, రెండు దిక్కులా కొట్టి మూలుగ కనిపించేట్లు ఇమ్మన్నాను.

"నిన్న బొక్కలొద్దంటిరి గద సార్" అన్నాడు కొట్టాయన. "పుస్తకం మారిందా?"

"నేను సరిగ్గ సదువలేదు భాయ్."

ఇంటికి వచ్చి మిషనును చిన్న పీట మీద, గోడ పక్కన పెట్టాను. నా భార్య మాంసం పొర తీసి వేలంత పొడవు కోసింది. మీట నొక్కి మొదటి ముక్క వేసి కొయ్య కట్టెతో పొడిచిందో లేదో, అక్క వంటింటి గడప దాటి వచ్చింది. రెండు నిమిషాలు నిలబడి చూసింది.

"గట్ల పొడుస్తరానె పిల్లా? జరుగు."

గోడ పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చుంది. ముక్కలు తీసి వేసింది, కొయ్య కట్టెతో నెట్టింది. చేయి రొమ్ము దాకానే లేచింది, మిషను నోటికి అంత లేస్తే చాలు. మధ్యలో నరం చుట్టుకుని మిషను మూలిగింది. నేను లేవబోయాను. నా భార్య నా చేయి పట్టుకుంది. అక్క రెండు మీటలనూ కాసేపు చూసి ఒకటి నొక్కింది. మర వెనక్కి తిరిగింది.

"ఓ, ఎనుకకు గూడ పోతది" అన్నది.

బొక్కలు, ఖీమా ఒకే గంజులో ఉడికాయి. జొన్నరొట్టెలను షోర్వాలో నానబెట్టి ఆరుగురికీ ఒకే రకంగా వడ్డించారు. తునకల కూర ఎవరికీ లేదు. అక్క మొదట మిగతా అయిదు పళ్ళేలూ చూసింది. ఆ తర్వాత తన నల్లి బొక్కను పళ్ళెం అంచుకేసి టకటకా కొట్టి, మూలుగ పీల్చుకుంది. మనుమరాలు చూసి తనూ కొట్టింది. షోర్వా చిందితే కోడలు కసిరింది. అక్క ఖీమా రెండోసారి వేయించుకుంది. ఆ తర్వాత ఇంకో బొక్క అడిగింది.

తినడం అయింది. ఎప్పటి అలవాటు ప్రకారం నా భార్య అందరికంటే ముందు అక్క పళ్ళెం మీద చేయి వేసింది. అంచున రెండు బొక్కలు ఉన్నాయి. దేనికీ కండ లేదు.

అక్క ఆమె చెయ్యి పట్టి ఆపింది. "ఉండనీ. అందరియి తీసినప్పుడు తీద్దువు."

పది గంటలకు ఆటో వచ్చింది. అక్క ఎక్కి కాళ్ళు సర్దుకుని, ఇంటి వైపు తిరిగి కేకేసింది.

"తమ్మీ, మిషిను డబ్బ ఏది? ఎనుక పెట్టకు, కింద పడ్తది. నా పక్కన పెట్టు."