విమానం ఎక్కితే పోయే అప్లికేషన్

2024 వేసవి. అమెరికాలో ప్లేనో అనే ఊళ్లో ఒక ఇమిగ్రేషన్ లా ఆఫీసులో పారాలీగల్‌గా చేరి అప్పటికి నాకు రెండేళ్లు. అటార్నీ సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ముందుగా తయారు చేసేది పారాలీగలే. ఫారాలు నింపడం, పాస్‌పోర్టు కాపీలు సరిచూడటం, ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే పట్టుకోవడం నా పని. గుంటూరులో లా చదివి, ఇక్కడికి వచ్చాక పనిచేసే అనుమతి లేక తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని. అందుకే ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను చేసిన తప్పుకు కారణం అదే కాబట్టి.

మాకు వచ్చే ఫైళ్లలో సగం ఒకే ఐటీ కన్సల్టింగ్ కంపెనీవి. దాని యజమాని మురళి గారు. మనవాడే. కంపెనీలో అందరినీ తమ్ముడూ, చెల్లెమ్మా అని పిలుస్తారు. జూన్‌లో ఆయన దగ్గర్నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. శ్రీధర్ అనే ఉద్యోగి హైదరాబాద్ ఆఫీసులో చేరుతున్నారు, ఆయన గ్రీన్‌కార్డు కేసును కాన్సులర్‌కి మార్చండి, ఆరు నెలల్లో అక్కడ తీసుకుని వచ్చేస్తారు. అంతే మెయిలు.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుకు రెండు దారులు. అమెరికాలోనే ఉండి ఐ-485 అనే అప్లికేషన్ వేసి ఎదురుచూడటం ఒకటి. సొంత దేశం వెళ్లి అక్కడి అమెరికన్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి హాజరవడం రెండోది. దాన్నే కాన్సులర్ ప్రాసెసింగ్ అంటారు. మొదటి దారిలో ఉన్నవాళ్లు రెండో దారికి మారాలంటే ఐ-824 అనే ఫారం వేయాలి. అందులో తప్పేమీ లేదు. ఇండియా వెళ్లి స్థిరపడదామనుకున్నవాళ్లు కొందరు అలా మార్చుకుంటారు. కానీ మురళి గారు తర్వాత ఫోన్ చేసి ఐ-824తో పాటు ఇంకొకటి కూడా అడిగారు. పెండింగ్‌లో ఉన్న 485ను ఉపసంహరించుకుంటున్నాను అని శ్రీధర్ గారి పేరున ఒక ఉత్తరం.

రెండూ నేనే టైప్ చేశాను. కుటుంబ సభ్యుల వివరాలు ఎక్కిస్తుండగా కూతురు పుట్టినతేదీ దగ్గర నా చెయ్యి ఆగింది. హాసినికి ఇరవై ఒకటి నిండి నాలుగు నెలలైంది.

పిల్లలు ఇరవై ఒకటి దాటితే తల్లిదండ్రుల కేసులోంచి జారిపోతారు. అలా కాకుండా వాళ్ల వయసును ఒక తేదీ దగ్గర ఆపి లెక్కపెట్టే చట్టం ఒకటుంది. ఎవరి వంతు ఎప్పుడో చెబుతూ ప్రభుత్వం నెలనెలా తేదీల చార్టులు వేస్తుంది. అప్పట్లో ఆ లెక్క ఇక్కడ అప్లై చేసినవాళ్లకు ఒక చార్టు ప్రకారం, కాన్సులేట్‌లో అప్లై చేసేవాళ్లకు వేరే చార్టు ప్రకారం ఉండేది. ఇక్కడి చార్టు ప్రకారం హాసిని వయసు పదిహేడు దగ్గర ఆగింది. కాన్సులేట్ చార్టు ప్రకారం ఆగనే లేదు. అంటే తండ్రి దారి మార్చుకున్న రోజే కూతురి గ్రీన్‌కార్డు పోయినట్టు. నాలుగేళ్ల వయసులో ఈ దేశం వచ్చిన పిల్ల, నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉన్న పిల్ల, చేతిలో ఏ కాగితమూ లేకుండా మిగిలిపోతుంది.

పైగా ఆ ఆరు నెలల మాట పచ్చి అబద్ధం. ఇక్కడున్నా అక్కడున్నా ఇండియావాళ్ల క్యూ ఒకటే. శ్రీధర్ గారి వంతు రావడానికి ఇంకా ఏళ్లు పట్టేలా ఉంది.

ఫైలు పట్టుకుని మా అటార్నీ డేవిడ్ గదిలోకి వెళ్లాను. విన్నాడు. అతనికి కొత్త సంగతి కాదని ముఖం చూస్తేనే అర్థమైంది. "మనకు ఫీజు కట్టేది కంపెనీ. ఉద్యోగి ఒప్పుకున్నాడని కంపెనీ చెబుతోంది. నీ పని కాగితాలు సిద్ధం చేయడం" అన్నాడు.

"కూతురి సంగతి ఆయనకు తెలుసా?" అని అడిగాను.

"అడిగితే చెబుతాం" అన్నాడు.

అడగాలంటే ఏం అడగాలో తెలియాలి కదా! ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. సీటుకు వచ్చి కూర్చున్నాను. పదకొండు రోజులు అలాగే కూర్చున్నాను. శ్రీధర్ గారి నంబరు నా కంప్యూటర్ తెర మీదే ఉంది. ఫోన్ చేయలేదు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఎవరిస్తారు అనుకున్నాను. చదువుకున్నాయన, తనే కనుక్కుంటాడులే అని కూడా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండో ఆలోచనకే నా మీద నాకు ఎక్కువ కోపం.

పన్నెండో రోజు శ్రీధర్ గారు సంతకాలు పెట్టడానికి వచ్చారు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, కరీంనగర్ ఆయన, ఎదుటివాళ్లు కూర్చోమనేదాకా నిలబడే రకం. ఆయన్ని డ్రైవ్ చేసి తీసుకొచ్చింది హాసిని. కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చోబెట్టాను.

"సంతకాలు ఎక్కడ పెట్టాలె మేడమ్? వచ్చే గురువారమే నా ఫ్లైటు" అన్నారు.

"ఒక్కరే వెళ్తున్నారా?"

"నేను ముందు పోత. వీళ్లమ్మ, ఇది డిసెంబర్ల వచ్చి ఇంటర్వ్యూ చేసుకుంటరు. ప్రాజెక్టు అయిపోయింది కదా మేడమ్, ఈడ ఖాళీగ కూసునుడు ఎందుకని మురళన్ననే ఈ దారి చూపించిండు."

శ్రీధర్ గారి హెచ్-1 ఉద్యోగ వీసా గడువు ఎప్పుడో అయిపోయింది. 485 పెండింగ్‌లో ఉందన్న ఆధారంతో వచ్చిన వర్క్ పర్మిట్ మీదే పనిచేస్తున్నారు. దేశం దాటి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, అడ్వాన్స్ పెరోల్ అంటారు, దాని గడువు తీరిపోయింది. కంపెనీ రెన్యూ చేయించలేదు. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టినా పెట్టకపోయినా, గురువారం విమానం ఎక్కితే చాలు, 485 వదులుకున్నట్టే.

తలుపు తెరిచే ఉంది. పక్కగదిలో డేవిడ్ ఉన్నాడు. అన్నీ చెప్పాను. పుట్టినతేదీ నుంచి విమానం దాకా.

శ్రీధర్ గారు నవ్వారు. "అట్ల ఎట్లయితది మేడమ్? మురళన్న గంత పెద్ద లాయర్లను పెట్టుకున్నడు, ఇది చూడడా?"

హాసిని మాత్రం నవ్వలేదు. "ఆంటీ, సో, నాన్న ప్లేన్ ఎక్కితే నా కేస్ కూడా క్లోజ్ అవుతుందా? మరి నేను ఎక్కడ ఉంటాను?"

"అందుకే సంతకం పెట్టొద్దంటున్నానమ్మా" అన్నాను.

శ్రీధర్ గారు మురళి గారికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు. నేను అబద్ధం చెప్పానని నాకే నిరూపిద్దామనుకున్నారు కాబోలు.

"అన్నా, ఈడ మేడమ్ ఏదో చెప్తున్నరు. పాపకు గ్రీన్‌కార్డు రాదంటున్నరు."

"తమ్ముడూ, ఆఫీసులో టైపు కొట్టేవాళ్ల మాటలు వింటే పనులవుతాయా? సంతకం పెట్టి వచ్చెయ్. ఫ్లైటు టైముకి నేనే దింపుతా."

"అది కాదన్నా. పాప సంగతి నిజమేనా?"

మురళి గారు అదే మెత్తటి గొంతుతో అన్నారు. "దానికేముంది తమ్ముడూ. స్టూడెంట్ వీసా వేయిద్దాం. మన పిల్లలందరూ అలాగే ఉండట్లా? ఇరవై ఒకటి దాటాక పిల్లలు ఎలాగూ మన చేతుల్లో ఉండరు."

శ్రీధర్ గారి ముఖంలో నవ్వు పోయింది. "దానికి ఇరవై ఒకటి దాటిందని నీకు ఎరుకేనా అన్నా?"

"కంపెనీ నడిపేవాడికి అన్నీ తెలియాలి కదా."

"తెలిసే పొమ్మన్నవా?"

మెత్తదనం అక్కడితో అయిపోయింది. "ఇదిగో శ్రీధర్, ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చోబెట్టి జీతమివ్వడానికి నేనేం సత్రం పెట్టుకోలేదు. వెళ్తే వెళ్లు. లేదంటే నీ ఐ-140 రేపే వెనక్కి తీసుకుంటా. అప్పుడు నీకూ ఉండదు, నీ కూతురికీ ఉండదు."

ఐ-140 అంటే, ఈ మనిషికి గ్రీన్‌కార్డు ఇవ్వండి అని కంపెనీ పెట్టే పిటిషన్. ఆ పేరు వినగానే ఆయన బల్ల మీది పెన్ను అందుకున్నారు. ఇలాంటి యజమానులు బతికేది ఈ భయం మీదే. నాకు అప్పుడు వచ్చింది కోపం. ఆ ఫోన్‌కి వినిపించేలా గట్టిగానే అన్నాను:

"తీసుకోనివ్వండి శ్రీధర్ గారూ. మీ 140 అప్రూవ్ అయి ఏళ్లయింది. 485 వేసి నూట ఎనభై రోజులు దాటి ఎంతో కాలమైంది. ఇప్పుడు ఆయన వెనక్కి తీసుకున్నా మీ కేసు పోదు. ఇదే రకం పని ఇచ్చే ఇంకో కంపెనీకి మీరు దర్జాగా మారొచ్చు. ఒక ఫారం వేస్తే చాలు. మీరు మూడేళ్లుగా స్వేచ్ఛగానే ఉన్నారు. ఆ ముక్క మీకు ఎవరూ చెప్పలేదు, అంతే."

"మేడమ్, నిజంగనా?" అన్నారాయన. ఆ గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ. సొంత ఇంటి తాళంచెవి ఎవరి జేబులోనో ఉందనుకుని మూడేళ్లు వాకిట్లో నిలబడ్డ మనిషిలా ఉన్నారు. ఫోన్‌లో మురళి గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. హాసిని చెయ్యి చాపి కాల్ కట్ చేసింది.

డేవిడ్ గుమ్మంలోకి వచ్చాడు. ఏం చేస్తున్నావని ఇంగ్లిషులో నన్నడిగాడు. ఫైల్లోంచి జి-28 తీసి బల్ల మీద పెట్టాను. ఈ అటార్నీ నా తరఫున పనిచేస్తాడు అని క్లయింటు సంతకం పెట్టే ఫారం అది. 485 వేసినప్పుడు శ్రీధర్ గారు కూడా పెట్టారు. "ఈయనా మన క్లయింటే. మీ సంతకం దాని కిందే ఉంది" అన్నాను.

డేవిడ్ కాగితం వంక చూడలేదు. నా వంక చూశాడు. "ఈరోజు మధ్యాహ్నం నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

నా కాఫీ కప్పు, చెప్పులు, ఒక స్వెటరు అట్టపెట్టెలో పెట్టుకుని పార్కింగ్‌లోకి వచ్చేసరికి తండ్రీకూతుళ్లు కారు దగ్గరే నిలబడి ఉన్నారు. శ్రీధర్ గారు చేతులు జోడించారు. హాసిని జోడించలేదు.

"ఆంటీ, ఇది మీకు ఎప్పుడు తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. "పదకొండు రోజుల కింద" అన్నాను.

"ఎలెవెన్ డేస్?" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో వచ్చినవవి. "నాన్న ఇండియా వెళ్లిపోతున్నా అని అందరికీ చెప్పారు. అమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంది. నేను క్లాసెస్ డ్రాప్ చేద్దాం అనుకున్నాను. మీకు తెలుసు, బట్ మీరు కాల్ చేయలేదు. ఒక్క కాల్ ఆంటీ."

"బిడ్డా, ఆమె ఉద్యోగం పోగొట్టుకుంది మన కోసం" అని తండ్రి వారించారు.

"ఐ నో నాన్నా. థాంక్స్ చెప్తాను. కానీ ఇది కూడా చెప్తాను."

ఆమె అన్నదాంట్లో కొట్టేయడానికి ఒక్క అక్షరం కూడా లేదు.

శ్రీధర్ గారు విమానం ఎక్కలేదు. ఉత్తరం మీద సంతకం పెట్టలేదు. ఏడు వారాలకు పక్క ఊరు రిచర్డ్‌సన్‌లో ఒక చిన్న కంపెనీలో చేరారు. మురళి గారు అన్నంత పనీ చేసి 140 వెనక్కి తీసుకోమని రాశారట. కేసుకు ఏమీ కాలేదు. హాసిని చదువు పూర్తయి ఇప్పుడు ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది. గ్రీన్‌కార్డు మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు. కానీ క్యూలో ముగ్గురూ ఉన్నారు, ఒకరి వెనక ఒకరు.

శ్రీధర్ గారూ నేనూ కలిసి డేవిడ్ మీద లాయర్ల క్రమశిక్షణ సంఘానికి ఫిర్యాదు పెట్టాం. చర్య తీసుకోవడానికి తగిన ఆధారాలు కనిపించలేదని కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది. ఆ ఆఫీసు నడుస్తూనే ఉంది. ఆ కంపెనీ నడుస్తూనే ఉంది. పండగ ఫంక్షన్లలో మురళి గారు స్టేజీ ఎక్కి జ్యోతి వెలిగిస్తూనే ఉన్నారు. ఏదో ఒక రోజు న్యాయం జరుగుతుందిలెండి అంటారు నాతో కొందరు. జరగలేదు, అది నేను చూశాను.

ఇప్పుడు ఇంకో ఆఫీసులో పనిచేస్తున్నాను. కొత్త ఫైలు రాగానే మొదటి రోజే ఆ ఉద్యోగికి నేనే ఫోన్ చేస్తాను. "డబ్బు కట్టేది మీ కంపెనీ అయినా, మీరూ మా క్లయింటే. మీ పిల్లల పుట్టినతేదీలు చెప్పండి. అడగడం తెలియకపోయినా ఫర్వాలేదు, నేను చెబుతాను" అంటాను. చాలామంది ముందు కంగారుపడతారు. మా బాస్‌కి చెప్పి చేస్తున్నారా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఈ కేసు నాకు నేర్పింది చట్టం కాదు. చట్టం నాకు ముందే తెలుసు. తెలిసీ నోరు మూసుకుంటే, తెలియక చేసిన దానికన్నా ఎక్కువ నష్టం చేస్తామని నేర్పింది. డేవిడ్ మీద నాకున్న కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో. ఆ పదకొండు రోజుల మీద ఉన్నది చల్లారనివ్వను. అది ఉంటేనే నేను ఫోన్ చేస్తాను.