ఓబులమ్మ తెచ్చిన క్యాసెట్టు

అది 2003 వేసవి. అనంతపురం బస్టాండు దగ్గర ఒక సందులో నాకు చిన్న దుకాణం ఉండేది. అంతకుముందు జనం కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. సీడీలు వచ్చాక ఆ గిరాకీ పోయింది. ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొని, పాత వీడియో, ఆడియో క్యాసెట్లను సీడీలుగా మార్చే పనిలో పడ్డాను. దీన్ని మేము క్యాప్చర్ అంటాం. ఒక పక్క టేపు తిరుగుతుంటే ఆ శబ్దం వైరు గుండా కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. గంట క్యాసెట్టుకు గంటా కూర్చోవాల్సిందే. తొందరపడే మనిషికి పనికొచ్చే వృత్తి కాదు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని పొద్దంతా ఎవరెవరి ఇళ్ల మాటలో వినేవాణ్ణి. మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు. కొన్నిసార్లు పని అయిపోయినా హెడ్‌ఫోన్ తీసేవాణ్ణి కాదు. సిగ్గేసి ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

ఓబులమ్మది తనకల్లు దగ్గర ఒక పల్లె. నలభై దాటిన మనిషి. రెండు బస్సులు మారి వచ్చిందట, మంచినీళ్లు కూడా అడగకుండా కొంగులో చుట్టిన క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నా, ఇది పలకదు. టేపురికార్డరు నమిలేసినాది. దీంట్లో మా ఇంటాయప్ప గొంతు ఉండాదో లేదో నువ్వే చెప్పల్ల."

ఆమె భర్త కువైట్‌లో మేకలు మేపడానికి పోయినవాడు. ఇద్దరికీ చదువు రాదు. అలాంటి ఇళ్లలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఒకే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగేది. ఆయన మాట్లాడి ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాడు. ఈమె విని, దాని మీదే తన మాట రికార్డు చేసి, పోయేవాళ్ల చేత తిరిగి పంపేది. కొత్త మాట పడిన చోట పాతది చెరిగిపోతుంది. పలక మీద ఉత్తరాలు రాసుకున్నట్టే. ఇలాంటి క్యాసెట్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. చాలావాటిలో వినాలనుకున్న గొంతు ఉండేది కాదు, తెచ్చినవాళ్ల గొంతే ఉండేది.

"కడాసారి నేను తిట్టి పంపిస్తిని," అంది ఓబులమ్మ. "మూడేండ్లాయ, పెండ్లాము గుర్తుండాదా నీకు, రాకుంటే ఆడనే ఉండిపో అంటిని. రెండు నెల్లకు ఆయప్ప లారీ కింద పడి పోయినాడు. పెట్టెలో గుడ్డలతో పాటు ఈ క్యాసెట్టు వచ్చె. నా మాటకు బదులు చెప్పినాడో లేదో. అదొక్కటి తెలిస్తే సాలన్నా."

రెండేళ్లుగా ఆమె ఆ ఒక్క సంగతి తెలియక నలుగుతోంది. వారం తర్వాత రమ్మన్నాను.

క్యాసెట్టులో ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయి ఉంది. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌కు టేపును అదిమిపట్టే చిన్న మెత్తటి ముక్క అది. ఎండకు జిగురు పోయింది. పైగా స్క్రూలు లేకుండా అతికించేసిన డబ్బా. బ్లేడు దూర్చి పగలగొట్టి, రెండు రీళ్లనూ వేరే డబ్బాలోకి మార్చి, నలిగిన జానెడు టేపును వేలితో సాపు చేశాను.

వినిపించింది ఓబులమ్మ గొంతే. పదకొండు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టింది. వాన లేదు, శెనిక్కాయ విత్తనం మూటలోనే ఉండాది, ఎర్రావు ఈని దూడ కూడా సచ్చె, నీకేం, ఆడ సల్లంగా ఉండావు. రావద్దులే, ఆడనే ఉండు. టక్కుమని రికార్డింగు ఆపిన చప్పుడు. ఆ వెంటనే ఒక మగ గొంతు, సగం మాటలోంచి మొదలైంది.

"...కోపం చేసుకోవద్దు. నేను యాడికి పోతా? అన్నం తిను యాళకు. ఎర్రావు ఈనినాదా? ఇంగేమి చెప్పల్ల... ఏమీ లేదు. టేపు ఐపోయేదాకా ఊరికే కూసుంటా."

నాలుగు నిమిషాలు అలాగే, మధ్యమధ్య ఒకటీ అరా మాటలతో సాగి ఆ వైపు టేపు అయిపోయింది. వైపుకు పదిహేను నిమిషాలే పట్టే చిన్న క్యాసెట్టు అది. రెండో వైపు ఏమీ లేదు.

నాకు విషయం అర్థమైంది. కోపంలో ఆమె పదకొండు నిమిషాలకే ఆపేసింది కాబట్టి, అంతకుముందు ఆయన పంపిన మాటల చివరి భాగం చెరిగిపోకుండా మిగిలింది. దూడ చచ్చిందని విన్నవాడైతే ఆవు ఈనిందా అని అడగడు. ఇది పాత మాట, జవాబు కాదు. కానీ వినడానికి అచ్చం జవాబులాగే ఉంది.

వారానికి ఓబులమ్మ వచ్చింది. హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టి నేను గుమ్మంలో నిలబడ్డాను. తన తిట్లు వింటూ తల దించుకుంది. ఆ తర్వాత మగ గొంతు వచ్చినట్టుంది, రెండు చేతులతో హెడ్‌ఫోన్‌ను చెవులకేసి గట్టిగా అదుముకుంది. చివరిదాకా కదల్లేదు.

"ఇది నా మాటకు బదులేనా అన్నా?"

"అవునక్కా. నీ మాట ఇన్నంకనే చెప్పినాడు," అన్నాను. తడుముకోకుండా అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఏమప్పా, ఆవు ఈనినాదని నేను చెప్పినంక మళ్లా ఈనినాదా అని అడుగుతాడా? ఇది ముందరిది. ఎన్నిసార్లు ఇనింటా నేను. నా మొగుని మాట నాకు తెలీదా? అబద్ధం యాలప్పా?"

తల కొట్టేసినట్టయింది. కోప్పడినా బాగుండేది, ఆమె గొంతులో కోపం లేదు.

"బదులు లేదక్కా," అన్నాను. "మళ్లా మాట్లాడలేదు."

"నేను తిట్టింది ఇన్నాడా?"

"అది టేపు చెప్పదక్కా."

గుమ్మంలోంచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఇద్దరం అంత దగ్గరగా కూర్చుని కూడా ఎవరికి వాళ్లం ఒక్కరమే అన్నట్టు ఉన్నాం. నేనే ఉండబట్టలేక, చేసిన తప్పును సర్దుకుందామని, ట్రిమ్ చేస్తానన్నాను. అంటే అక్కర్లేని భాగం కత్తిరించడం. "నీ తిట్లన్నీ తీసేస్తా. సీడీలో ఆయప్ప మాటలే ఉంటాయి. నీకు ఇనేకి నెమ్మదిగా ఉంటుంది."

"వద్దు," అంది. "నా గొంతు తీసేస్తే, ఆయప్ప ఎవురితో మాట్లాడినట్లుంటాది?"

నేనేమీ కత్తిరించలేదు. పదకొండు నిమిషాల తిట్లు, ఆ టక్కు, నాలుగు నిమిషాల మాటలు, ఉన్నదున్నట్టు సీడీలోకి ఎక్కించి చేతికిచ్చాను. అప్పటినుంచి టేపులో ఉన్నది ఉందనీ, లేనిది లేదనీ చెప్పడమే నేర్చుకున్నాను. వినేవాళ్లు ఎంతవరకు తట్టుకోగలరో తేల్చడం నా పని కాదు. ఆ అబద్ధం ఆమె మీద జాలితో చెప్పానని చాలా కాలం అనుకున్నాను. కాదు. పోయిన మనిషి ఒక్కసారైనా బదులు పలకాలని ఆశపడింది నేనే.