గవర్నర్ ఇంటి తలుపు మీద పక్షి

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేను రాసినవన్నీ జాకెట్ల కొలతలే. ఈ సంగతి నోటితో చెబుదామంటే మధ్యలో నవ్వొచ్చి ఆగిపోతున్నాను, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేము డల్లాస్ దగ్గర ఉంటాం. మావారి అక్క, అంటే మా వదిన, మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చింది. మావారు ఇండియన్ స్టోర్‌లో పని చేస్తారు. నేను ఇంట్లోనే మన ఆడవాళ్లకి బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్ వేస్తాను.

మొన్న వేసవికి ముందు నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. మర్నాటికల్లా అంతా తేటగా కనిపిస్తుందని అందరూ చెప్పారు. నాకు కనిపించలేదు. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుండేది. కంటి పైపొర వాచిందనీ, చుక్కల మందు వేస్తూ ఉంటే చాలామందికి తగ్గిపోతుందనీ డాక్టరు గారు చెప్పారు. చాలామందికి అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మిగతావాళ్ల సంగతేమిటని అడగడానికి నోరు రాలేదు. నా ఎడమ కంట్లో కూడా శుక్లం ముదురుతోంది. కుడిదానికి చూపు రాకపోతే ఎడమదానికి ఆపరేషన్ చేయించుకునే ధైర్యం నాకు లేదు. హుక్కులు, కాజాలు, చేతి కుట్టు, అన్నిటికీ కళ్లే కదా కావాలి. పెళ్లిళ్ల బ్లౌజు గుడ్డలు సంచుల్లో అలాగే ఉండిపోయాయి. ఫోన్ మోగితే మావారికి ఇచ్చేసేదాన్ని.

రోజూ నిద్ర లేవగానే కిటికీ దగ్గరకెళ్లి ఎడమ కన్ను మూసుకుని చూసేదాన్ని. ఎదురింటి మెయిల్‌బాక్స్ తెల్లటి మరకలా కనిపించేది. ఇంక ఆ రోజంతా మళ్లీ చూసుకోవాలంటే భయం.

ఒక శుక్రవారం వదిన వచ్చి బట్టలు సర్దుకోమంది.

"శాన్ ఆంటోనియో వెళ్తున్నాం. డాక్టర్ ట్రావెల్ చెయ్యొచ్చన్నాడుగా. ఆ మెయిల్‌బాక్స్‌నే ఎన్నాళ్లు చూస్తావే?"

ఆ ఊరు ఒకప్పుడు స్పెయిన్ రాజుదట. తర్వాత మెక్సికో వాళ్లది. ఆ తర్వాతే అమెరికాలోకి వచ్చింది. పాత చర్చిలు, రాతి గోడలు, మెక్సికో వంటలు చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేము రాత్రికి హోటల్ చేరి, పొద్దున్నే అలమో అనే చోటికి వెళ్లాం. అది కూడా ఒకప్పుడు చర్చే, తర్వాత కోట చేసుకుని అక్కడ యుద్ధం చేశారట. ఎదురుగా జనం ఫోటోలు తీసుకుంటున్నారు. నేను నల్లద్దాలు తీసి, చున్నీ కొంగుతో ఎడమ కన్ను మూసుకున్నాను. గోడా ఆకాశమూ కలిసిపోయి గంజిలా ఉంది.

"కనిపిస్తోందా?" అన్నారు మావారు.

ఆయన ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అడుగుతారో ఆయనకే తెలియదు. "ఆ, బాగానే ఉంది" అన్నాను. అప్పటి నుంచి వాళ్లు చూడనప్పుడే చూసుకోవాలనుకుని, కొంగు వదిలేసి ఉత్తి కన్నే మూసి చూడటం మొదలుపెట్టాను. అక్కడ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కాపలా ఉన్నాడు. ఆయన నవ్వి నాకు తిరిగి కన్ను కొట్టాడు.

వదిన చూడనే చూసింది. "ఒరేయ్ తమ్ముడూ, నీ పెళ్లాం ఇక్కడ సెటిలయ్యేలా ఉంది. నువ్వు కార్ తీసుకుని వెళ్లిపో."

మధ్యాహ్నం ఊరికి దక్షిణాన నది పక్కనున్న ఇంకో పాత చర్చికి వెళ్లాం. గోడలు ఎంత మందమో, లోపల ఏసీ లేకుండానే చల్లగా ఉంది. ఒక గదిలో పైకప్పు మీద ఆ కాలం వాళ్లు వేసిన సూర్యుడి బొమ్మ ఉంది. ఎడమ కంటితో చూస్తే మొహం, మీసాలు కూడా కనిపించాయి. కుడి కంటితో చూస్తే మొహం లేదు గానీ, గుండ్రంగా పసుపు రంగు మాత్రం తెలిసింది. పొద్దుటి కంటే కొంచెం నయమేమో అనిపించింది. ఆశ పెట్టుకుంటే మళ్లీ కిందపడతానని ఎవరికీ చెప్పలేదు. బయట చెట్టు కింద బల్ల మీద నా తల వెనక్కి వంచి వదిన డ్రాప్స్ వేసింది.

"కదలకే! నీకు వేస్తుంటే నా కళ్లు మూసుకుపోతున్నాయ్."

సాయంత్రం ఊళ్లో స్పెయిన్ వాళ్ల కాలం నాటి గవర్నర్ ప్యాలెస్‌కి వెళ్లాం. పేరుకే ప్యాలెస్. తీరా చూస్తే సున్నం కొట్టిన పెంకుటిల్లులా, ఒక్కటే అంతస్తు.

"ఇదా ప్యాలెస్? పార్కింగ్ కోసం మూడు చుట్లు తిరిగింది దీనికా?" అంది వదిన. ఆవిడా మావారూ టికెట్ల కోసం లోపలికెళ్లారు. నేను ఎదురుగా నిలబడ్డాను. తలుపు పైన రాతిలో ఏదో పక్షిని చెక్కారు, స్పెయిన్ రాజుగారి ముద్ర అట. ఎడమ కన్ను మూసి చూశాను.

పక్షికి రెండు తలలు కనిపించాయి.

ఇన్నాళ్లూ మసకే అనుకున్నాను. ఇప్పుడు ఒకటి రెండుగా కూడా కనిపిస్తోంది. ఇంక సూదిని చూస్తే రెండు సూదులు, కుట్టుని చూస్తే రెండు కుట్లు. ఎడమ కంటితో సరిచూసుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. పక్కనే అరుగులాంటిది ఉంటే కూలబడిపోయాను. ఫోన్‌లో నన్ను అడిగే ఆడవాళ్లందరికీ ఏం చెప్పాలో అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను.

వదిన బయటికొచ్చి నన్ను చూసి పరుగున వచ్చింది. "ఏంటే? కళ్లు తిరుగుతున్నాయా?"

"వదినా, కన్ను పోయింది. ఆ పక్షికి రెండు తలలు కనిపిస్తున్నాయి."

వదిన పైకి చూసింది. అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసింది.

"నాకూ రెండే కనిపిస్తున్నాయే. నేనూ ఆపరేషన్ చేయించుకోవాలా?"

మావారు టికెట్లు పట్టుకుని వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి తనూ పైకి చూశారు.

"రెండు తలలే చెక్కారు కదా. గండభేరుండ పక్షిలాంటిది. ఏమైందిప్పుడు?"

"నిజంగా రెండా?"

"రెండే. ఒకటి ఇటు, ఒకటి అటు."

లేచి మళ్లీ చూశాను. ఈసారి కొంగుతో ఎడమ కన్ను గట్టిగా మూశాను. రెండు తలలు. రెండు ముక్కులు, ఒకటి ఇటు, ఒకటి అటు. పక్షి రెక్కల ఈకలు కూడా వరసలుగా తెలుస్తున్నాయి, ముందటి కుట్టు మీద కుట్టు వేసినట్టు. వదినని పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ నా వీపు మీద కొడుతూ, "ఏడవకే, డ్రాప్స్ కారిపోతాయ్, మళ్లీ నేనే వెయ్యాలి" అంటూ తనూ ముక్కు తుడుచుకుంది.

తర్వాత వారం డాక్టరు గారు చెప్పారు, రాత్రంతా కన్ను మూసి ఉంటే ఆ వాపు ఎక్కువవుతుందట, పగలు తెరిచి ఉంటే గాలికి తగ్గుతూ వస్తుందట. నేను రోజూ సరిగ్గా అన్నిటికంటే మసకగా ఉండే వేళే చూసుకుని, ఇంక రోజంతా చూసుకోవడం మానేశాను. వాపు చాలావరకు పోయిందనీ, ఎడమ కంటికి ఎప్పుడంటే అప్పుడు చేద్దామనీ అన్నారు.

కానీ ఆ సాయంత్రం నాకు ఇవేమీ తెలియవు. కనిపిస్తోంది, అంతే. లోపల గదులూ, పెరట్లో నీళ్ల తొట్టీ అన్నీ చున్నీ కొంగు పట్టుకునే చూశాను. మావారు ముందు నడుస్తున్నారు.

"ఏవండీ, మీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది."

ఆయన మెడ తిప్పి చూసుకోబోయారు, అందలేదు. "ఎక్కడ?"

"కాలర్ కింద. దారం కూడా వేరే రంగుది వేశారు, చొక్కా నీలం, దారం నలుపు."

"షాపువాడు అలాగే ఇచ్చాడు. ఇంతకాలం ఎవరూ చూడలేదు."

"ఇప్పుడు చూసింది కదరా, విప్పి ఇవ్వు" అంది వదిన.

మావారు భుజం మీద చెయ్యి వేసుకుని, మా ఇద్దరికీ వీపు కనపడకుండా గోడవారగా నడవడం మొదలుపెట్టారు. మూసే వేళైందని అక్కడి అమ్మాయి వచ్చి చెప్పేవరకూ మేం అక్కడే ఉన్నాం.